మూటకు కట్టి పంపిన పలుపు

మదనపల్లె,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రెడ్డెప్పకు,

మీ అక్క మునెమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మనవరాలు శైలజా ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నువ్వూ, మరదలు సుబ్బమ్మా ఎట్లున్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? పుంగనూరు ఆసుపత్రికి పోయి చూపించుకోమని పోయిన ఉత్తరంలో రాశాను. నువ్వు పోయుండవు, నాకు తెలుసు. చిన్నమ్మకు దగ్గు ఎట్లుంది? వాము కషాయం పెట్టి ఇమ్మని సుబ్బమ్మకు చెప్పు. చలి పోయేదాకా ఆమెను బయట అరుగు మీద పడుకోనివ్వొద్దు.

నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఎవరి చేతా చదివించుకోవద్దు, నువ్వే చదువుకో.

ఊరు వదిలి వచ్చేటప్పుడు నిన్ను నేను ఒక్కటే అడిగాను. గౌరిని చూసుకో అని అడిగాను. ఈ ఉత్తరం దాని గురించే. కానీ మొదటి నుంచి చెప్పుకొస్తేగాని నాకు మాట కుదరదు. కాస్త ఓపిక పట్టు.

మేముండేది టమాట మండీ పక్క సందులో అని నీకు తెలుసు గదా. తెల్లారకముందే లారీల చప్పుడు మొదలవుతుంది. ఎండ ఎక్కేసరికి కుళ్లిన టమాటాల వాసన గదిలోకి వస్తుంది. మొదట్లో అన్నం ఎట్లా దిగుతుందా అనుకున్నాను. ఇప్పుడు అలవాటయింది. కొళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. బిందెలన్నీ పట్టి మూతలు పెడతాను, అయినా మధ్యలో లేచి మూత సరిగ్గా ఉందా అని చూస్తాను. నా సంగతి నీకు తెలియనిదా. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

శైలజ పాప సంగటి తినదు. చపాతీ కావాలంటుంది. నేను ఒక్కదాని కోసం సంగటి కెలకడం ఎందుకని నేనూ చపాతీలే తింటున్నాను. పళ్లు లేని నోటికి చపాతీ ఎంత కష్టమో చెప్పలేను, పులుసులో నానబెట్టుకుని తింటాను. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. పాప కాలేజీకి పోయాక మాత్రం గదిలో మాట్లాడేదానికి మనిషి ఉండదు. ఊళ్లో అయితే ఇట్లా ఉండేదా? కొట్టంలోకి పోయి గౌరితో అయినా నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. అది చెవులు ఆడిస్తూ వినేది. నా నడుము దాకా కూడా రాని పొట్టి ఆవు, నేను వంగకుండానే దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడేదాన్ని. మీ బావ పోయిన ఏడు పుట్టిన దూడ అది. ఆ ఇంట్లో నాకు మిగిలింది అదొక్కటే అని నేను వేరే చెప్పాలా నీకు?

నేను ఇక్కడికి ఎందుకు వచ్చానో నీకు తెలుసు. కుప్పం నుంచి నా కూతురు రత్న ఏడుస్తూ ఫోన్ చేసింది. అల్లుడు గ్రానైటు పనికి పోతాడు, రత్న అక్కడ ఇల్లు వదిలి రాలేదు, హాస్టల్లో పాపకు తిండి పడలేదు. "ఒక్క ఏడాదేమ్మా, దాని చదువు అయిపోయేదాకా నువ్వు తోడుండు" అంది. ఆవును ఎవరు చూస్తారే అంటే, నువ్వే పక్కన నిలబడి చెప్పావు. "నేను ల్యానా అక్కా? నా బిడ్డ మాదిరి సూసుకుంటా పో" అన్నావు. ఆ మాట పట్టుకునే నేను బస్సు ఎక్కాను.

ఇక పాప ఇంగ్లీషు సంగతి. దానికి బెంగుళూరు కంపెనీలో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం కావాలి. ఇంగ్లీషు గడగడా మాట్లాడితేనే ఇస్తారట. ఇక్కడ స్పోకెన్ ఇంగ్లీషు నేర్పించే చోట్ల ఫీజు కట్టలేము. దాని కాలేజీ మేడమ్ చెప్పిందట, ఇంటర్నెట్‌లో ఊరికే నేర్పించేవి చాలా ఉన్నాయని. అందుకని బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు పోతుంది. మగపిల్లలు కూర్చునే చోటికి ఒక్కతే పోకూడదు, అవ్వ పక్కన ఉండాల్సిందే అని అల్లుడు పట్టుబట్టాడు. సాయంత్రం అయిదింటికి నేనూ చెప్పులేసుకుని దాని వెంట పోతాను. అక్కడ నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు.

మొదటి రోజు నాకు ఒళ్లంతా చెమట. కరెంటు కొడుతుందేమో, ఆ వెలుగుకు పాప కళ్లు పోతాయేమో అని. అది చెవులకు గిన్నెల్లాంటివి తగిలించుకుని కూర్చుంది. దాంట్లోంచి సన్నగా మగమనిషి గొంతు వినిపించింది.

"ఎవురు పాపా ఆ మాట్లాడేది?" అన్నాను.

"ఇంగ్లీషు నేర్పించే సారవ్వా. యాడో దూరదేశంలో ఉండాడు. ఎప్పుడో మాట్లాడి పెట్టేసినాడు."

"ఎప్పుడో మాట్లాడిపోయినోడికి నువ్వు యాల జవాబు చెప్తాండావు? ఆయనకి వినపడదు గదా?"

"నాకు అలవాటు కావల్లని చెప్తాండానవ్వా. నువ్వు కొంచేపు ఊరికే కూర్చో."

"ఫీజు తీసుకోకుండా యాల నేర్పిస్తాడు? రేపొచ్చి ఏమన్నా అడిగితే?"

నెట్ సెంటర్ అబ్బాయి గల్లా దగ్గర నుంచి నవ్వాడు. "పెద్దమ్మా, ఆయన వచ్చి అడిగితే నా దగ్గరికి పంపియ్. ముందు ఆయనకి మదనపల్లె బస్సు దొరకాల గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నా పోరు పడలేక పాప ఆ గిన్నెల్లో ఒకటి తన చెవికి, ఒకటి నా చెవికి పెట్టింది. "నువ్వే ఇను, తప్పు మాట ఒకటి ఉంటే సెప్పు" అంది. ఆ రోజు నుంచి ఇద్దరం తలలు ఆనించుకుని, ఒకే తీగకు కట్టేసినట్టు కూర్చుని విన్నాము.

తప్పు మాట ఏదీ వినపడలేదు. ఆ సారు చాలా నిదానంగా, చిన్నపిల్లలకు బువ్వ పెట్టినట్టు చెప్తాడు. చెప్పిందే మూడుసార్లు చెప్తాడు. రోజూ వింటుంటే నా చెవిలోనూ కొన్ని మాటలు పడ్డాయి. కౌ అంటే ఆవు. బై అంటే కొనడం, సెల్ అంటే అమ్మడం, అమ్మేసినాక సోల్డ్. ఎవరో కారు అమ్మిన కథ ఒకటి ఉంది, వారం రోజులు అదే విన్నాము. ఇంకొకటి, ఆమెకు తెలుసు, ఆమెకు తెలియదు అనేది. షి నోస్, షి డజ్ నాట్ నో. పాప అది చెప్తూ వంటింట్లో తిరిగేది. నేను లోపల్లోపల చెప్పుకునేదాన్ని. పాపకు చెప్పలేదు. ముసలిదానికి ఇదేం పిచ్చి అనుకుంటుందని సిగ్గు.

ఆ సారు ఇంకొక మాట చెప్పాడట. రోజూ పది నిమిషాలు ఎవరో ఒకరి ముందు కూర్చుని, మీ ఇంటి సంగతులు ఇంగ్లీషులో గట్టిగా చెప్పండి అని. పాప నన్ను కూర్చోబెట్టుకుంది. "నీకు అర్థం కాదు గదవ్వా, అందుకే నీ ముందర నాకు సిగ్గుండదు. నువ్వు ఊ కొడతా ఉండు సాలు" అంది. నేను ఆకుకూర ఒలుచుకుంటూ, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఊ కొట్టేదాన్ని. ఆ పది నిమిషాలూ నాకు ఎంత సంతోషమో. రోజంతా మాట లేని గదిలో ఒక పిల్ల నా ఎదురుగా కూర్చుని నా మొహం చూసి మాట్లాడుతుంది గదా. ఏం మాట్లాడుతుందో నాకెందుకు అనుకున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరాల సంగతికి వస్తాను. దసరాకు నువ్వు రాశావు, గౌరి చూడి కట్టింది అని. ఆ కార్డు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. తెలగపిండి పెట్టు, ఎద్దుల పక్కన కట్టొద్దు, బండల మీద నడిపించొద్దు అని నాలుగు పేజీలు రాశాను. ఇక్కడ అంగట్లో చిన్న ఇత్తడి గంట చూసి, పుట్టబోయే దూడకని కొని, కండక్టరు చేతికిచ్చి పంపాను. గంట బాగుంది అక్కా, దూడ పుట్టిన రోజే కడతాము అని రాశావు. ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి ఎట్లా ఆడింది నాయనా?

ఆ ఉత్తరంతోనే చెనక్కాయల మూట కూడా పంపావు. కండక్టరు మూట దించితే మోసుకొచ్చి గదిలో పెట్టాను. దాని మూతికి కట్టిన తాడు విప్పబోయి అట్లనే కూర్చుండిపోయాను. అది గౌరి మెడలో పలుపు. నా పచ్చ చీర అంచూ, ఎర్ర రవిక గుడ్డా కలిపి నేను పేనిన పలుపు. చెయ్యి పెట్టగానే తెలిసింది. దాంట్లో ఇంకా దాని వాసన ఉంది.

మన వైపు ఆవును అమ్మినవాళ్లు పలుపు ఇవ్వరు. కొన్నవాళ్లు తమ తాడు తెచ్చుకుని పట్టుకుపోవాలి. పలుపు కూడా పోతే కొట్టంలో కళ పోతుందని మన నాయన కూడా విప్పి అటక మీద పెట్టేవాడు. అది నాకు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? వెంటనే చెంపలు వేసుకున్నాను. ఛీ, నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడి మీద అనుమానమా! పలుపు పాతబడి ఉంటుంది, కొత్తది కట్టి దీన్ని మూటకు వాడుంటాడు అనుకున్నాను. అక్క చూసి సంతోషపడుతుందనే కట్టి పంపాడేమో అని కూడా అనుకున్నాను. నీ తరఫున నాకు నేనే అన్నీ చెప్పుకున్నాను. ఆ పలుపు మేకుకు తగిలించి, రోజూ పొద్దున దాన్ని తాకి పనిలో పడేదాన్ని.

పది రోజుల కింద, సాయంత్రం పూట, పాప ఎప్పటి మాదిరి నా ఎదురుగా కూర్చుంది. ఆ సారు ఇచ్చిన పాఠం ఆ రోజు పెంపుడు జంతువు గురించి అట. నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అది చెప్తా ఉంది, నేను ఊ కొడతా ఉన్నాను. మై గ్రాండ్‌మదర్ అంది, ఊ అన్నాను. కౌ అంది, గౌరి అంది, నవ్వుతూ ఊ అన్నాను. తరువాత రెడ్డెప్ప తాత అంది. ఆ వెనకే సోల్డ్ అంది.

నా చెయ్యి ఆగింది. అది కిటికీ వైపు చూస్తూ, మాటలు వెతుక్కుంటూ చెప్తా పోయింది. చివర్లో నా వైపు చూసి, గొంతు తగ్గించి అంది, "షి డజ్ నాట్ నో."

నేను చిక్కుడుకాయల చాట పక్కన పెట్టాను.

"షి నోస్" అన్నాను.

పాప మొహం చూడాలి నువ్వు. పాలిపోయింది. "అవ్వా, నీకు ఇంగ్లీషు వస్తాదా?" అంది.

"యాడొస్తాదమ్మా. నా చెవికి గిన్నె తగిలించింది నువ్వే గదా. గౌరిని యాల అమ్మినారు? ఎప్పుడు అమ్మినారు?"

"అవ్వా, నాకేం తెల్దవ్వా..."

"ఇంగ్లీషులో తెలిసింది, తెలుగులో తెల్దా?"

అప్పుడు ఏడ్చింది. నేను వచ్చిన నెలకే, ఆషాఢంలోనే, బెంగుళూరు నుంచి ఎవరో ఆసామి వచ్చాడట. తన బంగళా తోటలో అందానికి పొట్టి ఆవు కావాలన్నాడట. నువ్వు పట్టిచ్చేశావట. ఆ తరువాత రత్నకు ఫోన్ చేసి, "అక్కకి సెప్పొద్దండి, సెప్తే ఆ పొద్దే బస్సెక్కి వచ్చేస్తాది, పాప సదువు ఆగిపోతాది" అన్నావట. రత్న సరే అంది. అల్లుడు సరే అన్నాడు. పాప కూడా సరే అంది. చూడి కట్టిందన్నది కూడా అబద్ధమే అని పాపే చెప్పింది. నేను గౌరి గురించి అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి రాయాలి గదా నువ్వు.

"మరి నా మొహం సూసి యాల సెప్తివి పాపా?" అన్నాను.

"మనసులో పెట్టుకోలేక సెప్పినానవ్వా. నీకు సెప్పినట్టూ ఉంటాది, సెప్పనట్టూ ఉంటాదని" అంది.

తమ్ముడూ, చిన్నపిల్ల. దానికి లోపల దాచుకోవడం చేతకాలేదు. ఆ మాత్రం కష్టం నీకు కలగలేదే! ఎనిమిది నెలలు. అమ్మిన ఆవుకు కడుపు కట్టించావు. లేని దూడకు నా చేత గంట కొనిపించావు. తెలగపిండి పెట్టు అని నేను నాలుగు పేజీలు రాస్తే, అది నీ ఇంట్లో చదివి నవ్వుకున్నారా, లేక చదవకుండానే చూరులో దోపారా? ఆ రెండిట్లో ఏది నిజమైతే నాకు తక్కువ నొప్పి అని ఇక్కడ కూర్చుని ఆలోచిస్తున్నాను.

నీకు కష్టం ఉంటే నాకు రాయొచ్చు గదా. మోకాలి నొప్పితో మేపలేకపోతున్నాను అక్కా అని ఒక్క కార్డు ముక్క రాసుంటే, నేను తిట్టినా చివరికి సరే అనేదాన్ని. నేను దిగులు మనిషిని, నిజమే. ప్రతిదానికీ భయపడతాను. దిగులు మనిషికి నిజం చెప్పకూడదని ఎవరు చెప్పారు మీకు? తెలియని దిగులే నాకు ఎక్కువ. ఇప్పుడు చూడు, చిన్నమ్మ దగ్గు తగ్గిందని నువ్వు రాస్తే నేను నమ్మాలా వద్దా? నీ మోకాలు బాగుందంటే నమ్మాలా? నువ్వు రాసిన కార్డులన్నీ పెట్టెలోంచి తీసి మళ్లీ చదివాను. ఏ మాట కింద నేల ఉందో, ఏ మాట కింద లేదో తెలియడం లేదు.

మూడు రోజులు పాపతో మాట్లాడలేదు. అది సంగటి కెలికి, ముద్దలు చేసి, తనూ తిన్నది. ఉండలు ఉండలుగా ఉంది, అయినా తిన్నాను. నాలుగో రోజు అయిదింటికి నేనే చెప్పులేసుకున్నాను. వచ్చే శనివారం బెంగుళూరులో దాని ఇంటర్వ్యూ. తోడు పోతానని మాటిచ్చాను, పోతాను. మాట ఇచ్చినవాళ్లు దాన్ని ఏం చెయ్యాలో నేను మరిచిపోలేదు.

నేను అలిగి ఊరికి వచ్చేస్తానని భయపడొద్దు. రాను. ఖాళీ కొట్టం చూసే ఓపిక నాకు లేదు. నీతో పంచాయితీ పెట్టను, నలుగురిలో నీ పరువు తీయను. నాకు కావలసింది ఒక్కటే. ఆ ఆసామి ఫోన్ నంబరు నీ దగ్గర ఉంటుంది. అది రాసి పంపు. పోయిందని, చిరిగిందని రాయొద్దు. బేరం చేసినవాడి నంబరు నువ్వు పారేసే మనిషివి కాదు. గంట కూడా కండక్టరు చేతికిచ్చి పంపు.

పలుపు మాత్రం తిరిగి పంపను. అమ్మినవాళ్లు అటక మీద దాచుకునేది అది. నువ్వు అమ్మావు, నేను అమ్మలేదు. అది మళ్లీ మెడకు కట్టాల్సిన పలుపు.

చిన్నమ్మకు నా దండాలు చెప్పు, నా పేరున ఆమె కాళ్లు నువ్వు తాకు. సుబ్బమ్మకు నా దీవెనలు. నీకు కూడా. నీ మీద కోపంతో రాస్తున్నా, నీ మోకాలు బాగుపడాలనే దండం పెట్టుకుంటున్నాను, అది నా ఖర్మ. ప్రతి ఉత్తరం చివరా నా గురించి దిగులు పడొద్దు అని రాసేదాన్ని. ఈసారి రాయడం లేదు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క,
మునెమ్మ

మరిచాను, ఇంకొక సంగతి. ఆ ఆసామికి తెలుగు రాదట, ఇంగ్లీషులోనే మాట్లాడతాడట. పాప నేను మాట్లాడతానవ్వా అంది. వద్దన్నాను. నంబరు కలిపి ఇస్తే చాలు, మాట్లాడేది నేనే. వారం రోజులుగా నెట్ సెంటర్‌లో రెండు గిన్నెలూ నా చెవులకే పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆ సారు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. పాప చెప్పిచ్చిన రెండు మాటలు ఆయనకే చెప్పి చూసుకుంటున్నాను. దట్ కౌ ఈజ్ మైన్. ఐ డిడ్ నాట్ సెల్ హర్.